ఫ్రిజ్‌లో మూడు తలలు

మొన్న వేసవిలో మా ఫ్రిజ్ తెరిస్తే పెరుగు గిన్నె పక్కన స్టీలు డబ్బాలో మూడు తలలు ఉండేవి. ఒకటి మీసాలతో, ఒకటి బొట్టుతో, ఒకటి ఇంకా కళ్ళు పెట్టకుండా. పాలగిన్నె కోసం వెళ్ళిన అత్తయ్యగారు మొదటిరోజు కెవ్వుమన్నారు. నాలుగో రోజుకి "మీసాలవాడి ముక్కు కాస్త జారినట్టుంది, చూసుకోమ్మా" అనేదాకా వచ్చారు.

ఆ తలలు మేం ఇంట్లో తీసిన సినిమాలోవి. సినిమా అంటే మొత్తం కలిపి 2 నిమిషాల 40 సెకన్ల పాట. స్టాప్ మోషన్‌లో బొమ్మని కాస్త కదిపి ఫోటో తీస్తాం, మళ్ళీ కాస్త కదిపి మళ్ళీ తీస్తాం. అన్నీ వరసగా తిప్పితే బొమ్మే నడిచినట్టుంటుంది. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు కదా, ఒక్కో ఫోటోని రెండేసి ఫ్రేముల పాటు ఉంచితే సెకనుకి 12 ఫోటోలు సరిపోతాయి. ఈ పనిలో ఆరితేరినవాళ్ళు కూడా చాలాచోట్ల అలాగే చేస్తారు. 160 సెకన్లకి పన్నెండేసి చొప్పున 1,920 ఫోటోలు. నేను ఆడిట్ ఆఫీసులో పనిచేస్తాను కాబట్టి ఈ అంకె చూసి భయం వేయలేదు. ఎందుకు వేయలేదా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

మొదలైంది ఏప్రిల్ నెలాఖరులో, బడికి సెలవులిచ్చిన వారంలో. టీవీలో మాయాబజార్ వస్తోంది. 1957 నాటి ఆ సినిమా ఎప్పుడొచ్చినా మావయ్యగారు కుర్చీ ముందుకి జరుపుకుంటారు. ఘటోత్కచుడి భోజనం దగ్గర లడ్డూలు వాటంతట అవే లేచి నోట్లోకి వెళ్తుంటే, ఎనిమిదో క్లాసుకి వెళ్ళబోతున్న మా అమ్మాయి "కంప్యూటర్ లేకుండా ఇవన్నీ ఎలా చేసేవాళ్ళు తాతయ్యా?" అంది. "కెమెరా ఆపడం, వస్తువు జరపడం, మళ్ళీ తిప్పడం. ఓపికుంటే ఎన్ని మాయలైనా చేయొచ్చే" అన్నారాయన. సాయంత్రానికి డైనింగ్ టేబుల్ మీద ఒక నిమ్మకాయ ఉప్పు డబ్బా దాకా పాకుతూ వెళ్ళింది. 40 ఫోటోలు, మూడు సెకన్ల చిల్లర. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టాం. కొట్టకుండా ఉండాల్సింది.

మ్యూజికల్ తీద్దాం అన్నది మా అమ్మాయే. ఆ మాట వింటే మనది కాదేమో అనిపిస్తుంది గాని, 1932లో మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద దగ్గర్నుంచీ మనం చూస్తున్నవి అవే కదా. మనకి పాటలు లేని సినిమా వస్తేనే వింత. ఆ సెలవుల్లో మేమిద్దరం రాత్రిపూట పాత హాలీవుడ్ డాన్సు పాటలు బోలెడు చూశాం. రెండు విషయాలు తలకెక్కాయి. ఒకటి, ఫ్రెడ్ ఆస్టేర్ నాట్యం చేస్తుంటే తల నుంచి పాదాల దాకా మనిషి మొత్తం తెర మీద కనిపిస్తాడు. కట్‌లు బాగా తక్కువ. అలాగే తీయాలని ఆయన పట్టుబట్టేవాడట. రెండోది, 1930లలో బస్బీ బర్క్‌లీ అనే నృత్య దర్శకుడు కెమెరాని ఎక్కడో పైకప్పు దగ్గర పెట్టి, కింద పదుల మంది అమ్మాయిల్ని పువ్వు రేకుల్లా విచ్చుకునేలా, ముడుచుకునేలా చేసిన పాటలు. అత్తయ్యగారు వెనక నుంచి చూసి, "దీనికి అమెరికా దాకా ఎందుకు? ధనుర్మాసంలో మేడెక్కి చూస్తే మన వీధి వీధంతా ఇదే" అన్నారు. నిజమే, ముగ్గే అది.

కథ పెద్దగా లేదు. ఇరానీ హోటల్లో అర్ధరాత్రి షటర్ దించేశాక, గల్లాపెట్టె దగ్గర సేటు కునుకు తీస్తుంటాడు. సర్వరు బల్లలు తుడుస్తుంటాడు. గోడ మీది పాత సినిమా పోస్టర్‌లోంచి హీరోయిన్ దిగొస్తుంది. చాయ్ గ్లాసులు, ఉస్మానియా బిస్కెట్లు అన్నీ కలిసి ఆడతాయి. సేటు లేస్తాడు, అంతా మామూలైపోతుంది. హైదరాబాద్‌లో ఉంటూ బొమ్మలాట తీస్తే చార్మినార్ పెట్టాలని రూలేమీ లేదు కదా అని పెట్టలేదు. చాయ్ పెట్టాం.

సామాన్లకి రెండు ఆదివారాలు పట్టింది. రాణిగంజ్‌లో పలచటి ఇనుప రేకు, అల్యూమినియం తీగ. కోఠీలో నియోడిమియం అయస్కాంతాలు, చొక్కా బొత్తాలంత ఉంటాయి గాని రెండు అతుక్కుంటే గోళ్ళు ఊడొస్తాయి. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో హీరోయిన్ లంగాకి జరీ లేసు, మీటరున్నర. బేగంబజార్‌లో కేకుల మీద క్రీమ్ రాసేటప్పుడు గుండ్రంగా తిప్పే పళ్ళెం. ఈ చివరిది దేనికో తర్వాత చెబుతాను.

ఒక్కో బొమ్మ జానెడు ఎత్తు. రెండు తీగల్ని మావారి డ్రిల్లింగ్ మెషిన్‌కి తగిలించి పురి పెడితే ఎముకలు తయారు. ఛాతీకీ నడుముకీ ఎం-సీల్ ముద్దలు, కండకి స్పాంజి, పైన బట్ట. చెప్పుల్లో అయస్కాంతాలు, కింద ఇనుప రేకు. రేకు మీద నలుపు తెలుపు గళ్ళ కాగితం అతికిస్తే హోటల్ నేల అయిపోయింది. తలలు మాత్రం నూనె కలిసిన బంకమన్నుతో చేశాం, అది ఎండిపోదు. ఎండిపోదు గాని, మే నెలలో మా వెనకగదిలో కరుగుతుంది. ఫోటో తీసేటప్పుడు ఫ్యాన్ వేయకూడదు, వేస్తే లంగా అంచు ఊగుతుంది. కిటికీకి నల్ల చార్టులు అంటించాం కాబట్టి గాలి రాదు. గంటలో సేటు బుగ్గలు భుజాల మీదికి వచ్చేవి. అందుకే ఫ్రిజ్. ఇరవై నిమిషాలు షూటింగ్, పది నిమిషాలు ఫ్రిజ్. చివరికి థర్మోకోల్ ఉండ మీద పలచగా మన్ను పూస్తే సగం బాధ తగ్గింది, తల బరువు తగ్గి బొమ్మ వాలిపోవడం కూడా తగ్గింది. మొదటే చేయొచ్చు కదా అంటారేమో. మొదట మాకు తెలిస్తే కదా.

గ్లాసులకి హోమియో మాత్రల గాజు గొట్టాలు వాడాం. నిజం డికాషన్ పోస్తే మూడోరోజుకి బూజు పట్టింది, వార్నిష్ పోశాం. బిస్కెట్లు మాత్రం అసలువే. బొమ్మల పక్కన పెడితే బిస్కెట్ మోకాళ్ళ ఎత్తు వస్తోంది. పాటలో అది కలే కదా, కలలో బిస్కెట్ పళ్ళెమంత ఉంటే ఎవరికి నష్టం?

లైట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది అందరూ ఒకసారి కాలు జారే చోటు. ఫోన్ కెమెరాని దాని ఇష్టానికి వదిలేస్తే ప్రతి ఫోటోకీ వెలుగు, రంగు తనే సర్దుతుంది. కలిపి చూస్తే తెర రెపరెపలాడుతుంది. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ యాప్‌లో లాక్ చేయాలి. మేం వాడింది స్టాప్ మోషన్ స్టూడియో. ముందు ఫోటో పలచగా పైన కనిపించే ఆనియన్ స్కిన్ అనే ఏర్పాటు అందులో ఉంది, దానికి మా అమ్మాయి ఉల్లిపొర అని పేరు పెట్టింది. లాక్ చేసినా ఇంకా రెపరెప పోలేదు. ఎల్‌ఈడీ బల్బు మన కంటికి నిలకడగా ఉన్నట్టుంటుంది గాని, మన 50 హెర్ట్జ్ కరెంటుకి చవక బల్బులు సెకనుకి వందసార్లు కొట్టుకుంటాయి. కెమెరా షటర్ తెరిచి ఉండే సమయాన్ని సెకనులో 50వ వంతుకి పెడితే ప్రతి ఫోటోలో సరిగ్గా రెండు దెబ్బలు పడి సమానమైపోతుంది. అదీ చేశాం. ఇంకా ఏదో మూలన పసుపు రంగు వచ్చి పోతోంది. రెండు రోజులు జుట్టు పీక్కున్నాక తెలిసింది, అది సెట్‌లోని స్టీలు కెటిల్ మీద పడుతున్న నా నైటీ. ఆ తర్వాత మూడు నెలలు షూటింగ్ రోజు అందరం నల్ల బట్టలే. పక్కింటావిడ "ఏదైనా దీక్షా?" అని అడిగారు.

ఇక రైళ్ళు. మా ఇల్లు విద్యానగర్ స్టేషన్‌కి దగ్గర. ఎంఎంటీఎస్ వెళ్తే ఏమీ కాదు, గూడ్సు వెళ్తే సర్వరు వణుకుతాడు. చక్రాల చప్పుడు వినిపించగానే మా అమ్మాయి "కట్" అని అరిచి, చేతులు కట్టుకుని నిలబడేది.

అసలు కథ పాటది. మొదట మా ఇద్దరికీ పాత పాట ఒకటి పెట్టేద్దామనే ఉండేది. చూస్తే, రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు, సరే, చాలా పాతవి దాటిపోయాయి. కానీ సాహిత్యానికీ బాణీకీ వేరే లెక్క, రాసినవారు, కట్టినవారు పోయాక 60 ఏళ్ళు. మనకు నచ్చిన పాటలు చాలావరకు ఇంకా అందులోనే ఉన్నాయి. మావయ్యగారు "హార్మోనియం ఇంట్లో పెట్టుకుని ఊరంతా తిరగడం దేనికి?" అన్నారు. ఆయన ఆర్టీసీలో రిటైరయ్యారు. అంతకుముందు తెనాలి వైపు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. బాణీ, గొంతు ఆయనవి, మాటలు నావి.

నేను ఇంటర్నెట్‌లో చదివి ఒక లెక్క వేసుకున్నాను. నిమిషానికి 120 దెబ్బల తాళమైతే, సెకనుకి 12 ఫోటోలు కాబట్టి, దెబ్బకి సరిగ్గా 6 ఫోటోలు. 90 అయితే 8. 100 అన్నామా, 7.2 వస్తుంది, ఆ చిల్లర పేరుకుపోయి చరణం మధ్యలో అడుగు ఒకచోట, దెబ్బ ఇంకోచోట పడతాయి. అందుకని 120 పెట్టి, తాళం వేసే మెట్రోనోమ్ టిక్కుటిక్కు ఇయర్‌ఫోన్‌లో పెట్టి ఆయన చెవికి తగిలించాను. రెండు వరసలు వాయించి ఇయర్‌ఫోన్ తీసేశారు. "తాళం చేతిలో ఉండాలి గాని చెవిలో కాదమ్మాయ్." నేను వదల్లేదు. ఆయన మొహమాటానికి ఆ టిక్కుటిక్కుతోనే మొత్తం వాయించారు. దానికి సర్వరుతో పది సెకన్లు అడుగులు వేయించాం. ప్రతి అడుగూ సరిగ్గా ఆరో ఫోటోకి. తిప్పి చూస్తే తప్పు ఒక్కటీ లేదు. గోడ గడియారంలో సెకన్ల ముల్లుకి ప్యాంటు తొడిగినట్టుంది. మా అమ్మాయి మొహం చూశాను, ఏమీ అనలేదు. అదింకా ఘోరం.

మర్నాడు ఆయన్ని ఆయన దారిన వాయించమన్నాం. తలుపులు మూసి, ఫ్రిజ్ ఆపి, గూడ్సు వెళ్ళిపోయాక రికార్డు చేశాం. పాట నిమిషానికి 112 దగ్గర మొదలవుతుంది, పల్లవి చివర సాగుతుంది, చరణంలో కాస్త పరిగెడుతుంది. ఇప్పుడు ఫోటోలకి లెక్క ఎలా? శబ్దాలు ఎడిట్ చేసే ఆడాసిటీలో పాట పెట్టి, వింటూ, ఆయన తాళం పడిన ప్రతిచోటా మా అమ్మాయి ఒక గుర్తు పెట్టింది. దాదాపు 300 గుర్తులు. ఆ సెకన్లని ఎక్సెల్‌లో దించి పన్నెండుతో గుణిస్తే ఏ ఫోటోలో దెబ్బ పడాలో వచ్చేసింది. చూస్తే 6, 6, 7, 6, 7, 6, వరస చివర ఏకంగా 9. ఆ 9 దగ్గర సర్వరు ఒంటికాలి మీద ఆగి, అప్పుడు రెండోది దించాడు. అంతే. బొమ్మకి ప్రాణం వచ్చిందని పెద్ద మాటలు అనను గాని, అత్తయ్యగారు అది చూసి "వీడు అచ్చం మీలాగే నడుస్తున్నాడే" అని మావయ్యగారిని ఉడికించారు.

ఆ ఎక్సెల్ షీటే మాకు గీత, బైబిల్, ఖురాన్. ఎడమవైపు ఫోటో నంబరు, పక్కన తాళం, ఆ పక్కన పాటలో అక్షరం, చివర ఎవరి చేయి ఎక్కడుండాలి.

పాటలో అక్షరం అన్నాను కదా. హీరోయిన్ పాడాలి, అంటే నోరు కదలాలి. ప్రతి ధ్వనికీ ఒక నోరు గీసి, కత్తిరించి, ముఖం మీద మార్చుతూ పోవాలి. దొరికిన పట్టికలన్నీ ఇంగ్లీషుకి చేసినవి. మనకు అన్ని అక్కర్లేదని త్వరగానే తేలింది. మూసిన పెదాలు ఒకటి, ఆ, ఈ, ఊ, ఏ, ఓ, కింది పెదవి పంటికి తగిలే వ, మొత్తం ఏడు. తెలుగు అజంత భాష అని బడిలో చదివిందానికి ఇన్నేళ్ళకి ఉపయోగం దొరికింది. మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి కాబట్టి పాటలో సాగదీసేది ఎప్పుడూ ఆ అచ్చునే. నోరు ఒకటి పెట్టేసి హాయిగా పదిహేను ఫోటోలు లాగించొచ్చు. లాగిస్తే మాత్రం బొమ్మ ఆవులిస్తున్నట్టుంటుంది. కనుబొమ్మలు పైకెత్తి, మెడ కొద్దిగా వంచి, చివర్లో కళ్ళు మూయిస్తే అప్పుడు ఆలాపనలా ఉంది.

నేను రాసిన మొదటి పల్లవి ఇది: "చక్కెర తక్కువ చాయీ, చుక్కల రాతిరి హాయీ." నాకు తెగ నచ్చింది. దానికి నోళ్ళు పెట్టి తీశాం. రెండు సాయంత్రాలు, 60 ఫోటోలు. చూస్తే హీరోయిన్ నీళ్ళలోంచి తీసిన చేపలా నోరు తెరుస్తూనే ఉంది. ఒక్కసారి కూడా మూయదు. నోళ్ళ పట్టిక మళ్ళీ తిరగేశాం, ఫోటోలు ముందుకీ వెనక్కీ జరిపి చూశాం. మావయ్యగారు పాట రెండుసార్లు మెల్లగా అనుకుని నవ్వేశారు. "నిరోష్ఠ్యం రాశావేంటమ్మాయ్! అవధానంలో ఇస్తారే, పెదాలు కలవకూడదని, అది. ఉకారం ఉంది కాబట్టి పూర్తిగా కాదనుకో. కానీ ప లేదు, బ లేదు, మ లేదు. దాని నోరెలా మూతపడుతుంది?" అప్పుడు గమనించాను, నిజంగానే ఒక్కటీ లేదు. అవధానంలో పృచ్ఛకులు అడిగి మరీ చేయించేదాన్ని నేను తెలియకుండా చేసి కూర్చున్నాను. పెదాలు కలిసే చోటే చూసేవాళ్ళ కన్ను ఇది పాడుతోందని నమ్ముతుంది, మిగతా అక్షరాలు కాస్త అటూఇటూ అయినా క్షమిస్తుంది. పల్లవి మార్చాం: "మాపటేళ చాయీ, మాట లేని హాయీ." మూడుసార్లు పెదాలు కలుస్తాయి. నోరు శబ్దం కన్నా ఒక ఫోటో ముందే మారితే ఇంకా బాగుంటుందని కూడా ఇక్కడే తెలిసింది. పాట మళ్ళీ రికార్డు చేశాం, 300 గుర్తులు మళ్ళీ పెట్టాం. మా అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు కేకుల పళ్ళెం సంగతి. దాని మీద 16 ఉస్మానియా బిస్కెట్లు గుండ్రంగా పేర్చి, మధ్యలో గ్లాసులు పెట్టి, బట్టలారేసే స్టాండు పైకడ్డీకి ఫోన్‌ని బోర్లా కట్టి, పైనుంచి తీశాం. మా ఇంటి బర్క్‌లీ షాట్. ఉత్సాహంగా ఫోటోకి 15 డిగ్రీలు తిప్పుతూ పోయాం, వేగంగా గిర్రున తిరగాలని. తిప్పి చూస్తే చక్రం మెల్లగా, పద్ధతిగా, వెనక్కి తిరుగుతోంది.

ఇద్దరం ఒకరినొకరు అనుమానించుకున్నాం. "నువ్వే అటు తిప్పావ్." "కాదు నువ్వే." తర్వాత కాగితం మీద గీస్తే అర్థమైంది. 16 బిస్కెట్లు, 360 డిగ్రీలు, అంటే ఒక్కోదానికీ మధ్య 22.5. బిస్కెట్లన్నీ ఒకేలా ఉంటాయి, పేర్లు రాసి లేవు. ఒకటి 15 ముందుకు వెళ్తే, అది తన ముందున్న బిస్కెట్ పాత స్థానానికి 7.5 వెనక ఆగుతుంది. కన్ను దగ్గరున్నదాన్నే పట్టుకుంటుంది కాబట్టి, ముందు బిస్కెట్టే 7.5 వెనక్కి వచ్చిందనుకుంటుంది. పాత సినిమాల్లో గుర్రబ్బండి చక్రాలు వెనక్కి తిరిగేది కూడా ఇందుకే. ప్రొట్రాక్టర్ పెట్టి పళ్ళెం అంచున గీతలు గీశాం. ఫోటోకి 3.75 డిగ్రీలు. 6 ఫోటోలకి ఒక బిస్కెట్ సరిగ్గా పక్కదాని స్థానంలోకి వస్తుంది, అక్కడ తాళం పడుతుంది. తాళం 7 ఫోటోలకి వచ్చిన చోట కాస్త తగ్గించి తిప్పాం. చూస్తే ముగ్గు తనంతట తాను తిరుగుతున్నట్టుంది. ఆ పది సెకన్లంటే నాకు ఇప్పటికీ గర్వమే, ఎవరేమన్నా.

అది సగం తీసి రాత్రి అలాగే వదిలేసి పడుకున్నాం. పొద్దున చీమలు. చక్రంలో మూడో బిస్కెట్ నుంచి పదకొండో దాని దాకా దండు. దులిపి మళ్ళీ పేరిస్తే అంచులు తిన్నవి తిన్నట్టే ఉన్నాయి, కొత్తవి పెడితే పాతవాటి రంగుకి కలవవు. మొత్తం మళ్ళీ మొదటి నుంచి. ఈసారి ప్రతి బిస్కెట్‌కీ రెండు పూతలు వార్నిష్ కొట్టి, డబ్బా మీద "తినకూడదు" అని పెద్దక్షరాలతో రాశాం. వార్నిష్ కొట్టని డబ్బా మీద ఏమీ రాయలేదు కాబట్టి అందులో బిస్కెట్లు రోజుకి రెండు చొప్పున సాయంత్రం చాయ్‌తో పాటు మాయమయ్యేవి. మావయ్యగారిని అడిగితే "చీమలేమో" అన్నారు.

ఇక మోకాలు. ఆస్టేర్‌లా మనిషి మొత్తం కనిపించాలి, ఒకే షాట్‌లో తీయాలి అని నేనే పట్టుబట్టాను. రెండో చరణంలో సర్వరు ఒంటరిగా నాట్యం చేసే 40 సెకన్లు. 480 ఫోటోలు, కట్ లేకుండా. హీరోయిన్‌కైతే పాదాల దాకా లంగా, లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనబడదు. వీడికి ప్యాంటు, అడుగులన్నీ కనిపిస్తాయి. కట్ లేదంటే మధ్యలో ఏ తప్పు జరిగినా మొత్తం పోతుంది. శని, ఆదివారాలు కూర్చుంటే రోజుకి 60, 70 ఫోటోలు. బడి కూడా తెరిచేశారు. జులై అంతా అదే పని. కెమెరా కదలకూడదని వెనకగదిలోకి ఎవరినీ రానివ్వలేదు. పనమ్మాయి గుమ్మం దాకా ఊడ్చి వెళ్ళిపోయేది.

431వ ఫోటో దగ్గర ఎడమ మోకాలు వంచాను. టిక్కుమని చిన్న చప్పుడు. చేతికి తేడా తెలిసింది. కాలు ప్యాంటు లోపల వేలాడుతోంది. అల్యూమినియం తీగ అన్నిసార్లు వంచితే ఎక్కడో ఒకచోట విరుగుతుంది, అందుకే ఈ పని బాగా తెలిసినవాళ్ళు ముందే రెండో బొమ్మ చేసి పెట్టుకుంటారు. మా దగ్గర లేదు. ఇంకా 49 ఫోటోలు ఉన్నాయి. నేను ఆ గదిలోనే నేల మీద కూర్చుండిపోయాను. బయట గూడ్సు బండి వెళ్తోంది, "కట్" అనేవాళ్ళు కూడా లేరు.

కాలు విప్పి కొత్త తీగ వేయొచ్చు. కానీ బొమ్మని తీసి మళ్ళీ పెడితే సరిగ్గా అదే భంగిమలోకి రాదు. ఉల్లిపొర పెట్టి మూడు గంటలు ప్రయత్నించాం. భుజం కుదిరితే నడుము కుదరదు. తిప్పి చూస్తే అక్కడ సర్వరు ఎక్కిళ్ళు వచ్చినట్టు ఎగిరిపడ్డాడు.

మావయ్యగారు గుమ్మంలో నిలబడి చూశారు. "నాటకంలో తెర ఇరుక్కుపోతే ఏం చేసేవాళ్ళమో తెలుసా? హాస్యగాణ్ణి పంపేవాళ్ళం. వాడు నాలుగు మాటలు చెప్పేలోపు వెనకాల తెర సర్దేవాళ్ళు." మా అమ్మాయి అప్పటికే ఫ్రిజ్ వైపు పరిగెత్తింది.

సేటు క్లోజప్. 24 ఫోటోలు, రెండు సెకన్లు. బుగ్గలు ఉబ్బుతాయి, మీసం లేస్తుంది, ఫూ అని దిగుతుంది. ఆ మీసం కింద ఆ రెండు సెకన్లలో సర్వరు కొత్త మోకాలితో కొత్త చోట నిలబడ్డాడు. మిగతా 25 ఫోటోలు ఇబ్బంది లేకుండా అయిపోయాయి. నా ఒకే షాట్ పోయింది. ఇప్పటిదాకా చూసిన ప్రతి ఒక్కరూ నవ్వింది మాత్రం ఆ మీసం దగ్గరే. ఆస్టేర్ సంగతి ఎవరూ అడగలేదు.

ఆగస్టు రెండో వారానికి పూర్తయింది. మొత్తం తీసిన ఫోటోలు 2,600 పైనే, సినిమాలో ఉన్నవి 1,920. చెంచాలు, గ్లాసుల చప్పుళ్ళు వంటింట్లో రికార్డు చేసి కలిపాం. ఎడిటింగ్ రెండు సాయంత్రాల పని, అప్పటికే ఎక్సెల్‌లో అన్నీ ఉన్నాయి కాబట్టి. ఒకచోట వెలుగు ఒక్కసారిగా తగ్గి మళ్ళీ పెరుగుతుంది, గాలివానకి కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచిన రోజది. ఇరానీ హోటల్లో ఆ మాత్రం ఉంటుందిలే అని వదిలేశాం. ముగ్గు షాట్ చివర తొమ్మిదో బిస్కెట్ మీద ఒక చీమ కూడా ఉంది. వార్నిష్ కొట్టాక కూడా అదెందుకొచ్చిందో.

ఆదివారం రాత్రి హాల్లో లైట్లు తీసి టీవీలో పెట్టాం. పక్కింటివాళ్ళు, మా ఆడపడుచు వాళ్ళు, మొత్తం పదకొండు మంది. ఏకబిగిన మూడుసార్లు వేయించుకున్నారు. అందరూ వెళ్ళాక మావయ్యగారు అక్కడే కూర్చుని, నాలుగోసారి ఒక్కరే పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నారు. చూడటం లేదు, వింటున్నారు. నేను గ్లాసులు తీస్తుంటే పిలిచారు.

"అమ్మాయ్, రెండో చరణం ఎత్తుగడలో నా గొంతు కాస్త శ్రుతి తప్పింది. చిన్నదేలే. కానీ ఒక్కసారి మళ్ళీ పాడేస్తే..."

మా అమ్మాయి గదిలోంచే అరిచింది. "తాతయ్యా, వద్దు!"